నా కుర్చీ కింది దొరువు

విచారణకు వచ్చిన అధికారి నన్ను అడిగింది ఒక్కటే ప్రశ్న. కంప్యూటర్లో ఫోటో చూపించి, "ఇది సిమెంటు చేసి మూసేసిన బావేనా?" అన్నారు. నేను "అవునండీ" అన్నాను.

అది బావి కాదు. మా గ్రామ సచివాలయంలో నా కుర్చీ కింద ఉన్న నేల.

ఈ సంగతి రెండేళ్ళ దాకా నేను ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు కూడా చెప్పలేదు. ఇప్పుడు ఊళ్ళో నా గురించి తలా ఒక కథ చెప్పుకుంటున్నారు. నాకు గాలి సోకిందని కొందరు, పై అధికారులు బెదిరిస్తే ఒప్పుకున్నానని కొందరు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాకు యాభై రెండేళ్ళు. పంచాయతీ కార్యదర్శిని. దయ్యాలూ భూతాలూ నేను ఎన్నడూ నమ్మలేదు. శ్మశానానికి ప్రహరీ కట్టించినప్పుడు వారం రోజులు అక్కడే తుమ్మచెట్టు నీడలో కూర్చొని క్యారియర్ విప్పుకొని అన్నం తిన్నవాణ్ణి. తుఫాను డ్యూటీలో గుర్తు తెలియని శవం పక్క గదిలో ఉండగా హాయిగా నిద్రపోయాను. ఇప్పటికీ "నమ్ముతున్నాను" అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఊరి పేరు రాయను. వాకాడు దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఊళ్ళలో ఒకటి. మా పంచాయతీ కింద రెండు జనావాసాలు. ఒకటి వరి పండించే పెద్ద ఊరు, రెండోది దానికి నాలుగు కిలోమీటర్ల అవతల, ఒడ్డునే ఉన్న పాలెం. సచివాలయం పెద్ద ఊళ్ళో ఉంది. అక్కడి నేల నల్లటి బంకమన్ను, బోరు వేస్తే వచ్చేది ఉప్పునీళ్ళు. పాలెంలో అడుగు పెడితే చీలమండ దాకా తెల్ల ఇసుక. ఈ తేడా ముందే చెప్పడానికి కారణం ఉంది.

సముద్రం పక్కన ఇసుకలో మంచినీళ్ళ కోసం తవ్వుకునే గుంటను మా వైపు దొరువు అంటారు. పైన వెడల్పుగా, కిందికి పోయేకొద్దీ సన్నగా, గరాటులా ఉంటుంది. దిగడానికి ఇసుకలోనే మెట్లు. అడుగున గట్టు జారకుండా తాటిమొద్దులు దింపుతారు. సముద్రం కేక వేస్తే వినపడేంత దగ్గర ఉన్నా నీళ్ళు మాత్రం తియ్యగా ఉంటాయి. గాలికి ఇసుక కొట్టుకొచ్చి పడుతుంది కాబట్టి ఏటా ఎండాకాలం పూడిక తీయాలి.

పాలెం దొరువుకు పూడిక తీసేది పోలయ్య. వేటకు పోయే మనిషి. అందరికంటే ముందు తెల్లారి నీళ్ళకు వచ్చేది అతని భార్య కాంతమ్మ. బిందె నిండాక ఒక దోసెడు నీళ్ళు తీసి మళ్ళీ దొరువులో పోసి కానీ బిందె ఎత్తుకునేది కాదు. ఎందుకని అడిగాను ఒకసారి. "నీళ్ళని చూసి నీళ్ళొస్తాయి సార్. మొత్తం మనమే ఎత్తుకుపోతే యాడికని వస్తాయి?" అంది.

ఆ మాట అడిగింది నేను ఆస్తుల లెక్కకు పోయిన రోజున. పంచాయతీలో ఉన్న ప్రతి ప్రజా ఆస్తినీ ఫోన్లో ఎక్కించాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. చేతిపంపులు, వీధి దీపాలు, ట్యాంకులు, రోడ్లు, తుఫాను షెల్టరు, వలలు బాగుచేసుకునే షెడ్డు, బావులు. ప్రతి దాని దగ్గర నిలబడి ఫోటో తీస్తే, నిలబడ్డ చోటు యాప్‌లో దానంతట అదే నమోదవుతుంది. ఆ తర్వాత ఏ పని మంజూరు చేయాలన్నా ఆ జాబితా చూసే చేస్తారు. జాబితాలో లేనిది ఊళ్ళో లేనట్టే.

నేను దొరువు దగ్గర ఫోన్ పట్టుకొని నిలబడితే కాంతమ్మ నవ్వింది. "మీ ఫోన్లో సముద్రం గూడా పడతాదా సార్? పడితే దాన్ని గూడా పంచాయతీ కింద రాసుకోండి. అలకి ఇంతని పన్నేయొచ్చు." ఆమె తలమీద బిందె, బిందె కింద చుట్టకుదురు. పాలెం ఆడవాళ్ళు చుట్టకుదురుకు గుడ్డ వాడరు. చిరిగిన నీలం నైలాన్ వల ముక్కను గుండ్రంగా చుట్టుకుంటారు. ఆ వల ముడులు బిందె అడుగున అచ్చుపడి ఉంటాయి.

వెళ్ళబోతూ ఆమె వెనక్కి తిరిగింది. "నవ్వులాటకి గాదు సార్. తాటిమొద్దులు పుచ్చిపోయినాయి. వానలొస్తే గట్టు నిలవదు. మా దొరువును సరిగ్గా రాసుకో."

"రాస్తాలే కాంతమ్మా."

"రాస్తాలే గాదు. నా కళ్ళ ముందర రాయి."

రాయలేకపోయాను. దొరువు దగ్గర సిగ్నల్ లేదు. యాప్ తిరుగుతూ తిరుగుతూ ఆగిపోయింది. ఆఫీసుకు పోయి ఎక్కిస్తానని చెప్పి బండి ఎక్కాను.

మర్నాడు గడువు ఆఖరి రోజు. మండలంలో మా పంచాయతీ ఒక్కటే మిగిలిందని పొద్దుటి నుంచి ఫోన్లు. అన్నీ ఎక్కించాను, దొరువు ఒక్కటి మిగిలింది. యాప్ జాబితాలో దొరువు అనే మాటే లేదు. "బహిరంగ బావి" ఉంది. దాన్ని ఎంచుకొని "వాడుకలో ఉంది" అని నొక్కితే లోతు ఎంత, ఏ సంవత్సరం కట్టారు, వర దేనితో కట్టారు, మూడు వైపుల నుంచి మూడు ఫోటోలు అని అడిగింది. ఫోన్లో అంతకుముందే తీసుకున్న ఫోటో ఒప్పుకోదు, అప్పటికప్పుడు తీయాలి. అంటే మళ్ళీ పాలెం పోవాలి. పోయినా సిగ్నల్ లేదు.

"పూడ్చివేయబడింది" అని ఇంకొకటి ఉంది. దానికి ఒక్క ఫోటో చాలు.

అదే నొక్కాను. ఫోన్ కిందికి వంచి నా కాళ్ళ మధ్య ఉన్న బూడిద రంగు టైల్సు ఫోటో తీశాను. మూలన కుర్చీ కాలు కొద్దిగా పడింది. ఎవరు చూస్తారనుకున్నాను. నిజంగానే ఎవరూ చూడలేదు. సాయంత్రానికి పైన ఆమోదించారు. అలా రికార్డులో పాలెం దొరువు పూడిపోయింది. అది ఉన్న చోటు నా కుర్చీ కింద అని నమోదయింది.

తర్వాత సరిచేద్దాంలే అనుకున్నాను. చేయలేదు.

మూడు నెలలకు, వాడుకలో ఉన్న బావులన్నిటికీ గట్టు జారకుండా లోపల దింపే సిమెంటు వరలు మంజూరయ్యాయి. లారీలో వరలు వచ్చి పెద్ద ఊళ్ళో బావులకూ, పాలెం బడి దగ్గర బావికీ దిగాయి. రెండు వరలు మిగిలితే సచివాలయం వెనక దొర్లించారు. దొరువుకు ఆ రెండూ సరిపోయేవి. నేను ఆ రోజు వాటిని చూస్తూ నిలబడి, లోపలికి పోయాను.

కార్తీకంలో ముసురు పట్టింది. నాలుగో రోజు తెల్లవారాక దొరువు గట్టు కూలింది. కాంతమ్మ అడుగున ఉంది. ఆమె తర్వాత నీళ్ళకు వచ్చిన ఆడవాళ్ళకు పైన మెట్టు మీద చెప్పులు మాత్రం కనిపించాయి. పోలయ్య, ఇంకో ఆరుగురు మగవాళ్ళు చేతులతోనే తవ్వారు. ఎంత తీస్తే అంత జారింది. నేను వెళ్ళేసరికి తీసి ఒడ్డున పడుకోబెట్టారు. చుట్టకుదురు తలమీదే ఉంది.

విచారణ సచివాలయంలో జరిగింది. రికార్డులో పూడ్చేసిన బావిలో మనిషి ఎలా పడిందన్నది ప్రశ్న. పాలెం వాళ్ళు "ఆ దొరువును ఎవరూ ఎప్పుడూ పూడ్చలేదు సార్" అన్నారు. అధికారి ఫోటో చూపించారు. సిమెంటు నేలలా ఉంది. అప్పుడే నన్ను ఆ ప్రశ్న అడిగారు, నేను ఆ జవాబు చెప్పాను. తర్వాత పోలయ్యను అడిగారు, "ఈ మధ్య నువ్వు తవ్వావా?" అని. అతను అబద్ధం ఎరగడు. "తవ్వినా సార్. నీళ్ళు తగ్గినాయని ఎండాకాలం రెండు మూరలు లోతు తీసినా."

నివేదికలో రాశారు: పంచాయతీ మూసివేసిన బావిని మృతురాలి భర్త అనుమతి లేకుండా తిరిగి తవ్వినందువల్ల ప్రమాదం జరిగింది.

పోలయ్యకు చదువు రాదు. ఆ కాగితాన్ని కూతురు శిరీష చదివి వినిపించింది. నాయుడుపేట దగ్గర చెప్పుల కంపెనీలో పనిచేసే అమ్మాయి. చదివాక "ఎందుకు నాయనా తవ్వినావు?" అని ఒక్క మాట అడిగిందట. అతను తవ్విన మాట నిజం. అప్పటి నుంచి ఒకే ఇంట్లో ఇద్దరికీ మాటల్లేవు. పోలయ్య వేట మానేశాడు. వారానికొకసారి నాలుగు కిలోమీటర్లు నడిచి సచివాలయానికి వచ్చేవాడు. వెనక పడి ఉన్న వరల్లో ఒకదాని మీద కూర్చొని నా కోసం కాచుకునేవాడు. నేను కనిపిస్తే ఒకటే ప్రశ్న.

"సార్, నేను తవ్వకపోయుంటే అది నిలిచేదా?"

నేను పనుందనో, మీటింగుందనో చెప్పి తప్పుకునేవాణ్ణి.

కాంతమ్మ పోయాక వచ్చిన రెండో సంక్రాంతి దాటాక మొదలైంది. మొదట గమనించింది నేను కాదు, మా ఆఫీసు ఊడ్చే రమణమ్మ. "ఏంది సార్, రోజూ సముద్రానికి పోయొచ్చి కాళ్ళు ఇదిలించుకోకుండా కూర్చుంటారా? మీ కుర్చీ కింద తట్టెడు ఇసక" అంది. ఆ వారం నేను పాలెం వైపు పోనేలేదు. వంగి చూశాను. దోసెడు తెల్ల ఇసుక, చిన్న చిన్న గవ్వ ముక్కలతో. మర్నాడు మళ్ళీ అంతే. ఎవరైనా కావాలని పోస్తున్నారేమోనని శనివారం సాయంత్రం నేనే గదికి తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకొని పోయాను. సోమవారం నేనే తెరిచాను. ఇసుక ఉంది. ఈసారి తడిగా ఉంది.

ఫిబ్రవరిలో కుర్చీ ఒక పక్కకు ఒరగడం మొదలుపెట్టింది. కుర్చీ మార్చాను. అదీ ఒరిగింది. టైల్సు రెండు కుంగాయి. మస్తాన్ మేస్త్రిని పిలిపించాను. మా భవనం కట్టింది ఆయనే. టైల్సు పగలగొట్టి చూసి గునపం పక్కన పెట్టేశాడు. కింద ఉండాల్సిన గ్రావెల్ లేదు. తెల్లటి తడి ఇసుక. మధ్యలో గరాటులాగా లోపలికి కుంగి ఉంది. అడుగున అరచేయి మునిగేంత నీళ్ళు.

"రెండు ట్రాక్టర్ల గ్రావెలు నేనే నిలబడి పోయించినా సార్. ఈ ఇసక యాడిదో ఆ దేవుడికే తెలియాల" అన్నాడు. వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. నా మొహం చూశాడు. "తియ్యంగా ఉండాయి."

మా ఆఫీసు బోరు నీళ్ళు ఉప్పన. చుట్టుపక్కల పైపు ఏదీ లేదు. ఇంజినీరు వచ్చి ఊట అన్నాడు, ఇంకోసారి లీకేజీ అన్నాడు, సంతకం పెట్టి పోయాడు. మస్తాన్ ఇసుకంతా తోడేసి కంకర, సిమెంటు దట్టించి పైన కొత్త టైల్సు వేశాడు. కూలి తీసుకోలేదు. నా గది గుమ్మం కూడా మళ్ళీ తొక్కలేదు.

నేను బల్లను పక్క గదిలోకి మార్చుకున్నాను. అక్కడితో పోతుందనుకున్నాను.

అదే నెలలో ఆస్తుల పునఃపరిశీలన వచ్చింది. ఈసారి యాప్‌లో కొత్త ఏర్పాటు. ప్రతి ఆస్తి పేరు పక్కన మనం దానికి ఎన్ని మీటర్ల దూరంలో ఉన్నామో చూపిస్తుంది, దగ్గరగా ఉన్నది పైన వస్తుంది. పక్క గదిలో కూర్చొని తెరిచాను. అన్నిటికంటే పైన ఉంది: బహిరంగ బావి, పాలెం, పూడ్చివేయబడింది. దూరం, సున్నా మీటర్లు.

పాత గది గోడ అవతలే కదా, ఆ మాత్రం తేడా ఉంటుందిలే అనుకున్నాను. మధ్యాహ్నం చెరువు కట్ట మీద నిలబడి తెరిచాను. కట్ట మీద ఉన్న తూముకు ఎనిమిది మీటర్లు చూపించింది. దొరువుకు సున్నా. సాయంత్రం ఇంట్లో, సున్నా. మా ఆవిడకు కంటి పరీక్ష ఉండి నెల్లూరు పోయాం. ఆసుపత్రి మూడో అంతస్తులో బెంచీ మీద కూర్చొని తెరిచాను. మా పంచాయతీ ఆస్తులన్నీ ఎన్నో కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. అది మాత్రం సున్నా. నాకు తెలియకుండానే కాళ్ళు నేలమీద నుంచి పైకి తీసి బెంచీ మీద పెట్టుకున్నాను. మా ఆవిడ "ఏమైంది, పురుగా?" అంది.

కొత్త ఫోన్ కొన్నాను. అదే. మా ఆఫీసు డిజిటల్ అసిస్టెంట్ అమ్మాయి తన లాగిన్‌తో నా ఫోన్లో తెరిస్తే సరైన దూరమే చూపించింది. నా లాగిన్‌తో తన ఫోన్లో తెరిస్తే సున్నా. "మీ లాగిన్లో ఏదో తప్పుంది సార్" అంది ఆ అమ్మాయి మామూలుగా. సాంకేతిక విభాగానికి ఫిర్యాదు పెట్టాను. సమస్య పరిష్కరించబడిందని మెసేజ్ వచ్చింది. తెరిచాను. సున్నా.

లాగిన్ తప్పే అయి ఉండొచ్చు. అలాగే అనుకొని ధైర్యం తెచ్చుకున్నాను. కానీ ఆ రోజుల్లో నేను ఎక్కడ కూర్చున్నా ముందు కాలితో నేలను తట్టి చూసుకొని కూర్చునేవాణ్ణి. బస్సులో కూడా.

ఇక ఆ రోజు సంగతి. ఏప్రిల్. మిట్టమధ్యాహ్నం. అందరూ భోజనాలకు పోయారు. రమణమ్మ వరండాలో కునుకు తీస్తోంది. కరెంటు లేదు. పోలయ్య వచ్చాడు. ఈసారి తప్పించుకోవడానికి దారి లేదు. గుమ్మంలో నిలబడి అదే ప్రశ్న అడిగాడు. మనిషి సగమయ్యాడు. చొక్కా భుజాల మీద వేలాడుతోంది.

ఎలాగైనా ఈ రాక ఆగాలి అనిపించింది నాకు. అందుకని అన్నాను, "ఏమో పోలయ్యా. నువ్వు తవ్వకపోయుంటే నిలిచేదేమో."

 అతను తల ఊపాడు. "అదే సార్. నాకూ అట్నే అనిపిస్తా ఉండాది" అని వెనక్కి పోయి వర మీద కూర్చున్నాడు. కిటికీలోంచి అతని వీపు కనిపిస్తోంది.

నేను ఫైలు తెరిచాను. కుర్చీ వెనక కాళ్ళు మెల్లగా దిగాయి. ఒరగడం కాదు, దిగడం. మెత్తటి దానిలోకి దిగినట్టు. లేవబోయాను. పాదాలు రాలేదు. చల్లగా ఉంది. చూస్తే నా కాళ్ళు నేలలో లేవు, టైల్సు మీదే ఉన్నాయి, చెప్పులు కనిపిస్తున్నాయి. కానీ చీలమండల దాకా నీళ్ళలో ఉన్నట్టు తెలుస్తోంది, చుట్టూ ఇసుక బిగుస్తోంది. తర్వాత పిక్కల దాకా. ఊపిరి పీల్చుకుంటే తడి ఇసుక వాసన. రమణమ్మను పిలవాలని నోరు తెరిచాను.

అప్పుడు వినపడింది. బల్ల కింద నుంచి, నా మోకాళ్ళ దగ్గర నుంచి. చెంబుతో నీళ్ళు ముంచి బిందెలో పోస్తున్న చప్పుడు. తొందర లేదు. ముంచడం, పోయడం, ముంచడం, పోయడం. బిందె నిండేకొద్దీ చప్పుడు సన్నబడింది. కిటికీ అవతల పోలయ్య కదల్లేదు. అతనికి వినపడలేదో, విని కూర్చున్నాడో నేను ఇప్పటికీ అడగలేదు.

చప్పుడు ఆగింది. నేను కళ్ళు మూసుకున్నాను. బిందె నిండాక ఏం జరుగుతుందో నాకు తెలుసు కాబట్టి, అది జరగకూడదని కోరుకున్నాను.

జరిగింది. ఒక దోసెడు నీళ్ళు. నా పాదాల మీద.

ఎంతసేపయిందో తెలియదు. రమణమ్మ కేకతో కళ్ళు తెరిచాను. "ఏంది సార్ ఇది, ప్యాంటు మోకాళ్ళ దాకా తడిపేసినారు? ఒంట్లో బాగలేదా?" నా కాళ్ళు వచ్చాయి. లేచాను. నేల చెక్కుచెదరలేదు, ఒక్క టైలు కూడా పగల్లేదు. కుర్చీ వెనక కాళ్ళకు మాత్రం జానెడు ఎత్తున తడి ఇసుక అంటుకొని ఉంది. మూడు రోజులు నేను దాన్ని తుడవనివ్వలేదు. డిజిటల్ అసిస్టెంట్ అమ్మాయి కూడా చూసింది.

రమణమ్మ బల్ల వైపు చూస్తోంది. నేను తెరిచిన ఫైలు మీద గుండ్రంగా తడి మరక, బిందె దించినంత. దాని అంచు పొడుగునా చిన్న చిన్న వల ముడుల అచ్చు.

"ఇది పాలెమోళ్ళ చుట్టకుదురు గదా" అంది రమణమ్మ. "ఇక్కడ బిందె ఎవరు దించినారు సార్?"

నేను సచివాలయం వెనక్కి పరుగెత్తాను. పోలయ్య అప్పటికే వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే పాలెం పోయాను. ముందు దొరువు దగ్గరికి. గట్టు కూలిన చోట గాలికి ఇసుక పరుచుకొని పల్లంగా ఉంది అంతే. ఒక తాటిమొద్దు కొన పైకి కనిపిస్తోంది. ఆ వేళ సిగ్నల్ ఒక గీత ఉంది. యాప్ తెరిచాను. నేను తిరిగిన ప్రతి చోటా సున్నా చూపించినది, నిజమైన దొరువు మీద నిలబడితే చూపించింది: నాలుగు కిలోమీటర్ల దూరం. కింద ఎర్ర అక్షరాలు, మీరు ఈ ఆస్తి దగ్గర లేరు.

లెక్క ప్రకారం అది సరైనదే. నేను నమోదు చేసిన చోటు సచివాలయమే కదా. మిగతా చోట్ల సున్నా ఎందుకు వచ్చిందో, గ్రావెల్ ఏమయిందో, బంకమన్నులో తీపినీళ్ళు ఎలా ఊరాయో, ఫైలు మీద ఆ మరక ఎవరిదో నాకు తెలియదు. తప్పు చేసిన మనిషి మనసు ఎన్నయినా పుట్టిస్తుందని మా బావమరిది అంటాడు. కానీ మస్తాన్ నాలుకకూ, రమణమ్మ కంటికీ నా మనసుతో సంబంధం లేదు. ఇంతకు మించి నేను చెప్పలేను.

పై అధికారులకు రాతపూర్వకంగా అంతా ఇచ్చాను. దయ్యం సంగతి రాయలేదు, ఫోటో సంగతి రాశాను. నా మీద చర్య నడుస్తోంది, నడవాలి కూడా. నా లాగిన్ తీసేశారు. అందుకని ఆ దూరం ఇప్పుడు ఎంత చూపిస్తుందో తెలుసుకునే దారి నాకు లేదు. ఇంట్లో కూడా ఒకే కుర్చీలో ఎక్కువసేపు కూర్చోను.

ఇక ఆ పొద్దున వలల షెడ్డులో నేను అన్న మాటలు. తలా ఒక రకంగా చెప్పుకుంటున్నారు కాబట్టి ఉన్నవి ఉన్నట్టు రాస్తాను.

షెడ్డులో పదిమంది దాకా వలలు అల్లుతున్నారు. పోలయ్య ఒక మూల వల కాలివేలికి తగిలించుకొని కూర్చొని ఉన్నాడు. ఆదివారం కావడంతో శిరీష ఇంట్లోనే ఉంది. కబురు పెడితే వచ్చి, తండ్రికి దూరంగా స్తంభం పక్కన నిలబడింది. ఒక ముసలాయన "ఏంది సార్ పొద్దున్నే, ఏం ఫోటోలు కావాల?" అన్నాడు. నలుగురు నవ్వారు.

నేను ఇసుకలో కూర్చున్నాను. ఫోన్ తీసి ఆ ఫోటో శిరీష చేతికిచ్చాను. మూలన ఉన్నది ఏమిటో చూడమన్నాను. ఆ అమ్మాయి వేళ్ళతో పెద్దది చేసి చూసింది.

"కుర్చీ కాలు" అంది.

"నాదే. ఆఫీసులో నా కుర్చీ" అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. మొదటి నుంచి చెప్పాను. కాంతమ్మ చెప్పిన తాటిమొద్దుల సంగతి, గడువు, ఒక్క ఫోటో, లారీలో వచ్చిన వరలు, మిగిలిన రెండు. పోలయ్య ఇన్నాళ్ళుగా కూర్చున్నది వాటి మీదేనని కూడా చెప్పాను. అతను వల కిందపెట్టాడు. నా వైపు చూసి అడిగాడు.

"అయితే నేను తవ్వినందుకు కూలలేదా సార్?"

శిరీష తండ్రి వైపు తిరిగింది. నేను లేచి అతని ముందుకు పోయి, అందరికీ వినపడేలా చెప్పాను.

"కాదు పోలయ్యా. ఏటా నువ్వు తవ్వినావు, ఏటా అది నిలిచింది. నిన్న నీతో అన్నది గూడా అబద్ధం. ఆ దొరువును పూడ్చింది నేను, కుర్చీలో కూర్చొని. సిమెంటు వరలు దానికి రాకుండా చేసింది నేను. కాంతమ్మ నన్ను అడిగింది, నేను రాస్తానన్నాను, రాయలేదు. నీ తప్పు ఏమీ లేదు. అమ్మా శిరీషా, మీ నాయన తప్పు ఏమీ లేదు. నన్ను క్షమించండి."